కట్టలు కట్టిన చేను

కోనసీమ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా ఊళ్ళో కనబడ్డ ప్రతివాడూ కొబ్బరికాయలేవని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. తెచ్చాను, రెండు. ఒకటి బస్సులో దొర్లి ఎవరి సీటు కిందికో పోయింది. రెండోది ఇంటికి రాగానే దేవుడికి కొట్టేశాం. ఇక పంచడానికి నా దగ్గర మిగిలింది కబుర్లే, అవీ అంత తియ్యగా లేవు.

మాది కదిరి దగ్గర మెట్ట ఊరు. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూసే జాతి మాది. నీళ్ళు ఎక్కువై మునిగిపోయే రైతులు ఉంటారని పేపర్లో చదివినా లోపల ఎక్కడో నమ్మేవాణ్ణి కాదు. నీళ్ళుండి కూడా ఏడుస్తారా అనుకునేవాణ్ణి.

సత్తిరాజుగారితో నా పరిచయం తిరుమల క్యూ కంపార్టుమెంటులో. ఇద్దరం ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చుని పంటల గురించి మాట్లాడుకున్నాం. ఆయన రాజోలు అవతల మూడెకరాల వరి కౌలుకు చేస్తారు. అప్పటి నుంచి ఏటా నేను వేరుశనగ పంపడం, ఆయన కొబ్బరి పంపడం. ఈసారి తొలి పంట సార్వా కోతలకు రమ్మన్నారు. నేను రైలు టికెట్టు కొన్నాక తుపాను వచ్చింది. రావాలా మానాలా అని ఫోన్ చేస్తే, "రండి భూషణంగారూ. కోతలకి కాకపోయినా పరామర్శకైనా ఓ మనిషి కావాలి కదండీ" అన్నారు. ఆ మాట విన్నాక మానేయబుద్ధి కాలేదు.

రావులపాలెం

రాజమండ్రిలో రైలు దిగి బస్సు పట్టుకుని రావులపాలెం చేరాను. హైవే పక్కన అరటి మార్కెట్టు. అరటిపండ్లు డజను లెక్కన బేరమాడే నాకు అన్ని గెలలు ఒక్కచోట చూస్తే కళ్ళు తిరిగాయి. దగ్గరికి పోయి చూస్తే సగం గెలలు ఇంకా ముదరనివే. చెట్లు గాలికి మధ్యకు విరిగాయి, గెల ముదిరేదాకా నిలబడే కాండం లేదు. లారీల వాళ్ళు తీరిగ్గా టీ తాగుతున్నారు, రైతులు వాళ్ళ చుట్టూ తిరుగుతున్నారు.

ఒక పెద్దాయన నాలుగు గెలల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎంత అని అడిగాను.

"తమరు ఎంతిస్తే అంతేనండి" అన్నాడు.

మా వైపు సంతలో అంత నష్టపోయినవాడు ముందు ప్రభుత్వాన్ని తిడతాడు, తర్వాత కొనవచ్చినవాణ్ణి తిడతాడు. ఈయన మర్యాదకు నాకే ఏదోలా అయింది. గెల మోసుకుని ఎక్కడికి పోను? గెలలోంచి ఒక అత్తం కాయలు కోయించుకుని యాభై రూపాయలు చేతిలో పెట్టాను. అవి సంచిలో ఉన్నన్ని రోజులూ పండలేదు, నల్లబడి ఎండిపోయాయి.

కొత్తపేట దాటాక

అమలాపురం బస్సులో నా పక్క సీటులో ఒకావిడ కూర్చుంది. ఆలమూరు దగ్గర ఊరట, అంబాజీపేటలో తమ్ముడి ఇంటికి పోతోంది. కొత్తపేట దాటాక కిటికీ బయట వరి చేలు చాప పరిచినట్టు నేలకు అంటుకుని ఉన్నాయి. ఆవిడ కాసేపు చూసి తల తిప్పేసుకుంది.

"మొన్నటేడు మాకూ ఇలాగే పోయిందండి" అంది.

"బీమా వచ్చిందా అమ్మా?"

"వచ్చేయండి. లేటయ్యిందనుకోండి, కానీ వచ్చేయి. నాకు కౌలు కార్డుంది కదండీ, నా ఖాతాలోనే పడ్డాయి. ఆ డబ్బులతో కౌలు తీర్చేసి రెండో పంట దాళ్వాకి విత్తనం కొన్నాం. లేకపోతే మా ఆయన ఈపాటికి హైదరాబాదులో ఏ అపార్టుమెంటుకో వాచ్‌మన్ అయిపోయేవోరండి."

నాకు ఉత్సాహం వచ్చింది. పంట బీమా అంటే నాకు ఒక పిచ్చి. పాడిందే పాటరా అన్నట్టు మా ఊళ్ళో ప్రతివాడికీ కట్టమని చెబుతుంటాను. ఒక కరువేడు మా చేలో వేరుశనగ ఊడలు నేలలోకి దిగకముందే మాడిపోయాయి. ఆ ఏడు బీమా డబ్బు పడకపోతే ఎద్దుల్ని అమ్ముకునేవాణ్ణి, మళ్ళీ కొనగలిగేవాణ్ణి కాదు. ప్రభుత్వం చేసే పనుల్లో నేను మనసారా మెచ్చుకునేవి తక్కువ, ఇది వాటిలో ఒకటి. ఈ కథంతా, సత్తిరాజుగారి సంగతీ ఆవిడకు చెప్పాను. అంబాజీపేటలో దిగేటప్పుడు ఆవిడ నాకు దండం పెట్టి, "మీ సత్తిరాజుగారికీ వస్తాయిలెండి" అంది.

అమలాపురం

అమలాపురంలో పొట్టిక్కలు తిన్నాను. పనసాకులు బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ప్లేటు నలభై రూపాయలు. ఆకు వాసన పిండికి పట్టి కమ్మగా ఉంటుంది. మా ఇంట్లో ఇలా చేద్దామంటే ముందు పనస చెట్టు కావాలి, దానికి ముందు నీళ్ళు కావాలి.

హోటలు ముందు ఒక ఆటో, ఒక మోటారుసైకిలు గుద్దుకున్నాయి. "చూసుకుని రావాలి కదండీ" అన్నాడు ఆటో అతను. "మీరు చూపిస్తే కదండీ చూసేది" అన్నాడు బండి అతను. చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా అండీ అనే అంటున్నారు. మా దగ్గరైతే ఈపాటికి రెండు చొక్కాలు చినిగేవి. ఇంత మెత్తని మనుషులా అని ముచ్చటపడ్డాను. అక్కడ కోపం వస్తే ఎలా తెలుస్తుందో అప్పటికి నాకు తెలియదు.

వైనతేయ దాటాక

బోడసకుర్రు వంతెన మీద వైనతేయ పాయ దాటి, తాటిపాక మీదుగా రాజోలు చేరి, అక్కడి నుంచి ఆటోలో వాళ్ళ ఊరికి పోయాను. దారి పక్క మురుగు కాలువ నిండా గుర్రపు డెక్క మొక్కలు. నీళ్ళు కదలడం లేదు. సముద్రం పోటు మీద ఉంటే ఈ నీరు దిగదని, పైగా కొన్నిసార్లు ఉప్పునీరు ఎదురు వస్తుందని ఆటో అతను చెప్పాడు. వాన ఆగి వారమైనా చేలల్లో నీళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కాబోలు.

సత్తిరాజుగారు ఎదురొచ్చి నా సంచి అందుకున్నారు. ఆయన చేతులు చూసి ఉలిక్కిపడ్డాను. వేళ్ళన్నీ గాట్లు, గాట్ల మీద పసుపు. ఆయన భార్య తాయారుగారి చేతులూ అలాగే ఉన్నాయి.

"వరాకు కోసేసిందండి" అని నవ్వారాయన. "రండి, అన్నం తిన్నాక చూద్దురుగాని."

తాయారుగారు కొబ్బరి పచ్చడి, పెసరపప్పు, చేపల పులుసు వడ్డించారు. కొబ్బరి లేకుండా ఆ ఇంట్లో ఏ కూరా దిగదని మూడు రోజుల్లో తెలిసింది. నేను తెచ్చిన వేరుశనగ కాయలు రైల్లో ఎవరో నీళ్ళ సీసా ఒలకబోస్తే తడిశాయి. ఆవిడ వాటిని చాట మీద ఆరబోసి, "ఎండ వస్తే బావుణ్ణు అన్నయ్యగారూ" అన్నారు. ఎండ కావాలని కోరుకునే మాట ఒక రైతు ఇంట్లో వినడం నాకు అదే మొదటిసారి.

పల్లంలో చేను

ఆ ఊళ్ళో సగం చేలు మెరక, సగం పల్లం. మెరక మీద వరి పెద్దగా దెబ్బ తినలేదు. పల్లంలో మొత్తం పడిపోయి నీళ్ళలో ఉంది. ఆ పల్లం మధ్యలో సత్తిరాజుగారి మూడెకరాలు మాత్రం నిలబడి ఉన్నాయి.

ముందు నాకు అర్థం కాలేదు. దగ్గరికి పోతే తెలిసింది. పడిపోయిన వరిని ఐదారు దుబ్బులు దగ్గరకు చేర్చి, నిలబెట్టి, గడ్డిపరకతో ముడి వేశారు. ఒకదానికొకటి ఆనుకుని కట్టలు నిలబడ్డాయి, వెన్నులు నీటికి జానెడు పైన. ఒక మడి కాదు, రెండు కాదు, మూడెకరాలూ ఇలాగే. తుపాను వెలిసిన రోజు నుంచి మొగుడూ పెళ్ళాం మోకాటి లోతు నీళ్ళలో వంగి కట్టారు. కూలీలు దొరకలేదు. దొరికినా ఇచ్చేందుకు లేదు.

"పడ్డ వరిని అలా వదిలెయ్యకూడదండి" అన్నారు సత్తిరాజుగారు. "మా నాన్న కట్టేవోరు, ఆయన నాన్న కట్టేవోరంట. నీట్లో ఉంటే గింజ మొలకెత్తిపోద్దండి."

నేను గొప్పగా గట్టు మీద నడవబోయి కాలు జారి మడిలో పడ్డాను. నాతోపాటు నాలుగు కట్టలు పడ్డాయి. నన్ను లేపడానికి ఎవరూ రాలేదు. ఇద్దరూ పరిగెత్తుకుని వచ్చి ముందు కట్టల్ని లేపారు, ముడులు సరిచేశారు, ఆ తర్వాత తాయారుగారు, "అయ్యో అన్నయ్యగారూ, దెబ్బ తగిలిందాండీ" అన్నారు. నా చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉండాలి.

పక్క చేను సుబ్బలక్ష్మిది, రెండెకరాల కౌలు. భర్త కొబ్బరి చెట్టు మీంచి పడి చనిపోయాడు. ఏడేళ్ళ కూతురుతో ఒక్కతే చేస్తోంది. ఆమె చేను పడినది పడినట్టే ఉంది. వంగి ఒక వెన్ను ఎత్తి చూశాను. గింజ గింజకీ తెల్లటి మొలక.

"మాది అయ్యాక ఆవిడది కడదామనుకున్నాం" అన్నారు తాయారుగారు. "అయ్యేసరికి అది మొలకొచ్చేసింది అన్నయ్యగారూ."

సుబ్బలక్ష్మికి మస్కట్‌లో ఇంటి పనికి వీసా సిద్ధంగా ఉందట. ఆ చుట్టుపక్కల ఎందరో ఆడవాళ్ళు అలా వెళ్ళారు, ఏళ్ళ తరబడి రారు. పిల్లను వదిలి పోలేక ఆమె ఏజెంటుకు ఇవాళ రేపు అని చెబుతూ వస్తోంది. కౌలు కార్డు ఉంది, బీమా కట్టింది. డబ్బు వస్తే కౌలు తీర్చి దాళ్వా వేసుకుంటుంది, ఇక్కడే ఉంటుంది. రాకపోతే వెళ్ళిపోవాలి. ఈ మాట తాయారుగారు గట్టు మీద నిలబడి నాకు చెప్పారు.

"వస్తుందమ్మా, ఎందుకు రాదు? కళ్ళెదురుగా పోయింది కదా" అన్నాను. బస్సులో కలిసిన ఆలమూరావిడ మాట చెప్పాను.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు సత్తిరాజుగారు అసలు సంగతి చెప్పారు.

వరికి బీమా లెక్క ఎవరి చేను వాళ్ళది కాదు, ఊరంతటికీ ఒకటే. అధికారులు ఊళ్ళో నాలుగు చోట్ల కొలత వేసి కోసి, నూర్చి, తూచి సగటు తీస్తారు. ఆ సగటు ఒక గీత కన్నా తగ్గితే బీమా కట్టిన అందరికీ వస్తుంది, తగ్గకపోతే ఎవరికీ రాదు. ఏ సర్వే నంబర్లో కొయ్యాలో చీటీ తీసినట్టు కంప్యూటరే తీస్తుంది. ఈసారి మూడు చోట్ల కోత అయిపోయింది. అందులో రెండు మెరక మీద పడ్డాయి, గింజ బాగానే తూగింది. మూడోది పల్లంలో పడింది, తక్కువ తూగింది. నాలుగోదీ పల్లంలోనే పడింది. పల్లంలో, సత్తిరాజుగారి చేలో.

"ఎల్లుండి వస్తారండి" అన్నారాయన. "చేలో ఏ మూల అన్నది అప్పటికప్పుడు తేలుద్ది."

నేను ఆ కట్టల వైపు చూశాను. కట్టకపోయి ఉంటే ఆ చేను కూడా సుబ్బలక్ష్మి చేను లాగే తూగేది, ఊరి సగటు గీత కిందికి పోయేది.

మెత్తని మాటలు

మర్నాడు సాయంత్రం బుల్లబ్బాయిగారు వచ్చారు. పూర్వం సహకార సొసైటీలో పనిచేసిన పెద్దమనిషి, లెక్కలు తెలిసినవాడు. వెంట పల్లపు చేల రైతులు ఇద్దరు. తాయారుగారు టీ ఇచ్చారు. వచ్చినవాళ్ళు నా ఊరు, నా వాళ్ళు, నా పంట అన్నీ అడిగారు. చేను మాట ఎవరూ ఎత్తలేదు.

"మీ వైపు బీమా ఎలాగుంటదండీ?" అన్నారు చివరికి బుల్లబ్బాయిగారు.

మా వేరుశనగకు వాన లెక్క అని చెప్పాను. మండలంలో ఒక చోట వాన కొలిచే గొట్టం పెడతారు, అందులో తక్కువ పడితే డబ్బు వస్తుంది. ఒక ఏడు సరిగ్గా ఆ గొట్టం మీదే ఒక మబ్బు కురిసిపోయింది, మా చేల మీద చుక్క పడలేదు. అప్పుడు మావాడొకడు, "ఆ గొట్టానికి మూతన్నా పెట్టకపోతిమి గదప్పా" అన్నాడు. ఇది చెప్పి నేను నవ్వాను. వాళ్ళూ మర్యాదకు నవ్వారు.

"మరి మూతెట్టేరా?" అడిగారు బుల్లబ్బాయిగారు.

"లేదండీ. దాని చుట్టూ కంచె, కంచెకు తాళం."

"ఆయ్" అని ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "ఇక్కడ కంచె లేదండి."

లేచేటప్పుడు ఆయన సత్తిరాజుగారి భుజం మీద చెయ్యి వేసి, "రాత్రికి గాలి ఉందంటున్నారు సత్తిరాజూ. గడ్డిముడులు కదా, ఊడి పడిపోయినా ఎవరూ ఏమనుకోరు" అన్నారు. అంతే, వెళ్ళిపోయారు. కట్టలు విప్పెయ్యమని ఎవరూ అనలేదు.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా తాయారుగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "గింజకి కాలు తగిల్తే కళ్ళకద్దుకుంటామే మనం. దాన్ని చేత్తో నీట్లోకి తొయ్యమంటన్నారా?" అన్నారు.

"వాళ్ళడిగింది తప్పు కాదే" అన్నారు సత్తిరాజుగారు. "వాళ్ళూ కట్టేరు బీమా. సుబ్బలక్ష్మీ కట్టింది."

"మన కౌలు ఎవరిస్తారు? భూమిగలాయన గింజలడుగుతారు గాని సగటు అడగరు."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. విప్పితే చేతికొచ్చిన గింజ నీళ్ళలోకి రాలిపోతుంది, బీమా ఎప్పుడో నెలలు గడిచాక వస్తుంది, అదీ వస్తేనే. విప్పకపోతే ఊరి నోటి దగ్గర ముద్ద తామే తీసినట్టు. పైగా విప్పడం మోసం కాదా? గాలి పడగొట్టినదాన్ని మళ్ళీ పడిపోనివ్వడం మోసమెలా అవుతుంది? నన్నడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు. నయం, నన్నెవరూ అడగలేదు. బీమా గురించి అంత ఉపన్యాసం ఇచ్చిన నోరు ఆ సాయంత్రం అన్నం తినడానికి తప్ప తెరవలేదు.

గాలి రాలేదు.

ఒక కట్ట

తెల్లవారి నేను లేచేసరికి సత్తిరాజుగారు ఇంట్లో లేరు. తాయారుగారు పొయ్యి ముందు నుంచి లేచి పొలం వైపు నడుస్తున్నారు, నేనూ వెనకే పోయాను.

ఆయన చేలో ఉన్నారు. గట్టుకు దగ్గరగా ఉన్న మొదటి కట్ట ముడి విప్పేశారు. కానీ దుబ్బుల్ని వదల్లేదు. రెండు చేతులతో వాటిని నిలబెట్టి పట్టుకుని అలాగే నీళ్ళలో నిలబడి ఉన్నారు. వదిలితే పడిపోతుంది. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో తెలియదు. ఆయన ఏడుస్తున్నారని దగ్గరకు పోయాక తెలిసింది.

తాయారుగారు చీర దోపుకుని మడిలోకి దిగారు, ఒక గడ్డిపరక తెంపి ఆయన చేతుల పక్కనే దుబ్బుల చుట్టూ తిప్పి ముడి వేశారు. ముడి బిగిశాక గాని ఆయన చేతులు తీయలేదు. ఇద్దరూ గట్టెక్కి ఇంటికి నడిచారు. పక్క చేను గట్టు మీద సుబ్బలక్ష్మి గడ్డి కోసుకుంటోంది. ఆమె ఇదంతా చూసింది. తల వంచుకుని కొడవలి ఆడిస్తూనే ఉంది.

తూకం

ఎండెక్కాక వ్యవసాయ సహాయకురాలు వచ్చింది, పాతికేళ్ళు కూడా ఉండవు. వెంట బీమా కంపెనీ మనిషి ఒకడు. ఫోను చూసుకుంటూ చేలో అడుగులు వేసి, ఒక చోట ఆగి, మేకులు పాతి, తాడుతో ఐదు మీటర్ల చదరం కట్టారు. అది మూడెకరాల నడిమధ్యన పడింది. సత్తిరాజుగారు తానే కొడవలి పట్టి కోశారు. గట్టు మీద టార్పాలిన్ పరదా పరిచి, కట్టలు కొట్టి గింజ రాల్చి, తాలు ఎగరబోశారు. గింజ గలగలా రాలుతుంటే వినడానికి బాగుంది. ఆ బాగుండడమే భయంగా ఉంది.

గట్టు మీద ఊరి మగవాళ్ళు చాలామంది నిలబడ్డారు. గోనె సంచిలోకి గింజ ఎత్తి వేలాడే కాటాకు తగిలించారు. నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నో తూకాలు చూశాను. గింజ ఎక్కువ తూగాలని మొక్కుకునేవాళ్ళనే చూశాను గాని, తక్కువ తూగాలని ఊపిరి బిగబట్టిన రైతుల్ని అక్కడే చూశాను. ఆ చేను ఆసామి కూడా వాళ్ళలో ఒకడు. సత్తిరాజుగారు కాటా వైపు చూడలేదు, తన కాళ్ళ వైపు చూసుకుంటున్నారు.

ఆ అమ్మాయి అంకె చదివింది. గట్టు మీద ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఇంత తుపానులో కూడా చేను భలే నిలబెట్టుకున్నారండి" అంది ఆ అమ్మాయి మనస్ఫూర్తిగా. "ఫోటో తియ్యాలి, సంచి పట్టుకుని ఇలా నిలబడండి."

ఆయన నిలబడ్డారు. నవ్వమని అనలేదు, అంతవరకు నయం.

వాళ్ళు వెళ్ళాక బుల్లబ్బాయిగారు వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. "సగటు గీత దాటేసిందండి. ఈ ఏడు మనకి రాదు" అన్నారు నాతో, వాతావరణం చెప్పినట్టు. తర్వాత సత్తిరాజుగారి వైపు తిరిగి, "మంచి గింజేనండి" అన్నారు. నిన్నటిదాకా సత్తిరాజూ అని పిలిచిన మనిషి ఇవాళ అండీ అన్నారు. ఒక్కొక్కరూ వచ్చి, మంచి గింజేనండి, కష్టానికి ఫలితం ఉందండి అనేసి పోయారు. ఒక్కడు తిట్టి ఉంటే బాగుండేది. మా ఊళ్ళో తిట్టేవాళ్ళు, పది రోజులు మాట్లాడేవాళ్ళు కాదు, పదకొండో రోజు బీడీకి నిప్పు అడిగేవాళ్ళు. అక్కడ మర్యాద ఒక మెట్టు పెరిగిందంటే మనిషి అంత దూరం పోయాడన్నమాట. ఆ సాయంత్రం తాయారుగారు మామూలుగానే టీ ఎక్కువ కాచారు, తాగడానికి ఎవరూ రాలేదు.

నేను ఇల్లు చేరిన చాలా నెలలకు సత్తిరాజుగారు ఫోన్ చేసి చెప్పారు. వాళ్ళ ఊరికి బీమా రాలేదు. మురుగు కాలువ అవతల ఊరికి వచ్చింది. అక్కడ నాలుగు కోతల్లో మూడు పల్లంలో పడ్డాయట. ఆ ఊళ్ళో వాళ్ళు ఆ డబ్బుతో అప్పులు తీర్చి, పిల్లల ఫీజులు కట్టి, నారు పోసుకున్నారట. ఆయన అసూయగా చెప్పలేదు, సంతోషంగానే చెప్పారు. బీమా మంచిదే, నేను ఇప్పటికీ కట్టమనే చెబుతాను. కానీ నడుం విరిగేలా పంటను కాపాడుకున్నవాడు ఊరికి అపరాధి అయ్యే లెక్క ఎక్కడో తప్పు లెక్క. ఎవరి చేను వాళ్ళకు చూసే దారి ఏదో కనిపెట్టమని పెద్ద చదువులు చదివినవాళ్ళను అడగాలనిపిస్తుంది. అడిగితే ఖర్చు ఎక్కువంటారు.

బయలుదేరిన రోజు

నేను బయలుదేరే రోజు పొద్దున సుబ్బలక్ష్మి వచ్చింది, కూతుర్ని వెంటబెట్టుకుని. నన్ను చూసి, "వెళ్తున్నారాండీ, మళ్ళీ రండి" అంది. నిన్న సాయంత్రం ఏజెంటుకు సరే అని చెప్పేసిందట. వచ్చే వారమే ప్రయాణం.

తాయారుగారు లోపలికి పోయి ఒక గోనె సంచి తెచ్చారు. నిన్న తూచిన గింజ. కొలత కోసం కోసినది రైతుకే వదిలేస్తారు. దాన్ని సుబ్బలక్ష్మి ముందు పెట్టి, "ఇది నువ్వు పట్టుకెళ్ళు. దీన్ని మా ఇంట్లో ఉంచుకోలేను" అన్నారు.

సుబ్బలక్ష్మి ఆ సంచి వైపు చూసింది. కోపం ఏమన్నా ఉందేమోనని నేను ఆమె మొహంలో వెతికాను. కనబడలేదు, లేకనో, కనబడనివ్వకనో తెలియదు. వంగి సంచి మూతి బిగించి, రెండు చేతులతో తాయారుగారి వైపు జరిపింది.

"నేనేం చేసుకుంటానండి వదినగారూ, అక్కడ వాళ్ళే పెడతారు కదా అన్నం" అంది. తర్వాత కూతురి భుజం పట్టుకుని ముందుకు తోసింది. "దీన్ని మీ దగ్గర ఉంచి వెళ్తానండి. నేనొచ్చేదాకా రెండు ముద్దలు పెట్టండి. పల్లంలో ఈ ఏడు గింజలున్నది మీ ఇంట్లోనే కదండీ."

తాయారుగారు ఆ పిల్లను దగ్గరకు తీసుకున్నారు. సత్తిరాజుగారు నా సంచి భుజాన వేసుకుని, ఎవరి వైపూ చూడకుండా, బస్సు రోడ్డు వైపు నాకన్నా ముందు నడిచారు.